యుద్ధ ప్రాంతాల శరణార్థులకు కెనడా ఇచ్చిన హామీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధంలో ఇల్లు పోయి పొరుగు దేశంలో తలదాచుకుంటున్నవారిని తీసుకొచ్చి శాశ్వతంగా స్థిరపడే అవకాశం కల్పిస్తామని కెనడా ప్రభుత్వం అనేకసార్లు మాట ఇచ్చింది. ఆ మాట ప్రతిసారీ ఒక అంకె రూపంలోనే వినిపించింది: 60 వేలు, 25 వేలు, 40 వేలు. ఆ అంకెలో ఎవరిని కలిపారు, ఖర్చు ఎవరు పెట్టారు, ఏ తేదీ నుంచి లెక్కపెట్టారు అన్నది తెలియకపోతే హామీ నెరవేరిందో లేదో చెప్పడం కుదరదు. ఈ ప్రశ్నలూ జవాబులూ ప్రధానంగా ఆ సంగతులను వివరించడానికే ఉద్దేశించినవి.

పునరావాసం అంటే ఏమిటి? ఆశ్రయం కోరడానికీ దీనికీ తేడా ఏమిటి?

ఒక మనిషి తన దేశం దాటి కెనడా సరిహద్దుకో విమానాశ్రయానికో తనంతట తాను చేరుకుని, వెనక్కి పంపితే ప్రాణానికి ముప్పు ఉందని చెప్పుకోవడం ఆశ్రయం కోరడం అవుతుంది. అలా వచ్చినవారిని ప్రాణానికి ముప్పు ఉన్న చోటికే వెనక్కి పంపే హక్కు ప్రభుత్వానికి లేదు. కెనడా 1969లో అంగీకరించిన 1951 నాటి శరణార్థుల ఒప్పందం ఆ బాధ్యతను మోపింది. ఆశ్రయం కోరినవారి వాదనను ముఖాముఖి విచారణలో వినాలని 1985 ఏప్రిల్ 4న సింగ్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పునరావాసం అలాంటిది కాదు. సిరియా నుంచి లెబనాన్‌కో, అఫ్గానిస్తాన్ నుంచి పాకిస్తాన్‌కో పారిపోయి, అక్కడ స్థిరపడే వీలు లేక, స్వదేశానికి తిరిగి వెళ్లే దారీ లేక మిగిలిపోయినవారిని మూడో దేశం తానే ఎంపిక చేసుకుని తీసుకురావడాన్ని పునరావాసం అంటారు. ఇలా తీసుకురావాలని ఏ దేశాన్నీ ఏ అంతర్జాతీయ చట్టమూ నిర్బంధించదు. ఇది పూర్తిగా ప్రభుత్వం స్వచ్ఛందంగా ఇచ్చే మాట. చట్టం వెనక నిలబడని మాట కాబట్టే దాన్ని నిలబెట్టుకున్నారా లేదా అని ప్రజలు కనిపెట్టి ఉండటం అవసరమవుతుంది.

ప్రపంచంలోని శరణార్థుల్లో ఏటా పునరావాసం దక్కేది ఒక శాతం కంటే తక్కువ మందికే. మిగిలినవారి భారంలో ఎక్కువ భాగం మోస్తున్నవి టర్కీ, లెబనాన్, జోర్డాన్, పాకిస్తాన్, ఇరాన్, ఉగాండా వంటి దేశాలు. కెనడా ఉదారతను మెచ్చుకునేటప్పుడు ఈ నిష్పత్తిని మరచిపోకూడదు.

కెనడా చట్టం ప్రకారం శరణార్థి ఎవరు?

విదేశాల్లో ఉన్నవారిని కెనడా రెండు వర్గాలుగా చూస్తుంది. మొదటిది 1951 ఒప్పందం చెప్పిన వర్గం. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో దేనివల్లనైనా వేధింపులకు గురవుతామన్న సహేతుకమైన భయంతో దేశం వదిలినవారు ఇందులోకి వస్తారు. రెండో వర్గం యుద్ధ బాధితులకు మరింత దగ్గరైనది. అంతర్యుద్ధం, సాయుధ ఘర్షణ, లేదా పెద్ద ఎత్తున సాగిన మానవ హక్కుల ఉల్లంఘనల వల్ల తీవ్రంగా, వ్యక్తిగతంగా నష్టపోయి, సొంత దేశం బయట ఉన్నవారు ఈ రెండో వర్గం కింద అర్హులవుతారు. తనను ప్రత్యేకంగా ఎవరూ వెంటాడకపోయినా, బాంబు దాడిలో ఊరే లేకుండా పోయిన రైతుకు ఈ వర్గం దారి చూపుతుంది.

రెండు వర్గాలకూ వర్తించే షరతు ఒకటుంది. ఆ మనిషి తన సొంత దేశం వెలుపల ఉండాలి.

దేశ విభజన నాటి వార్తల్లోనూ, యుద్ధ కాలంలో బర్మా నుంచి నడిచి వచ్చినవారి గురించి రాసినప్పుడూ తెలుగు పత్రికలు కాందిశీకులు అనే మాట వాడేవి. ఇప్పుడు శరణార్థులు అనే మాటే స్థిరపడింది కాబట్టి ఇక్కడా దాన్నే వాడుతున్నాం.

ఏటా ఎంతమందిని తీసుకురావాలో ఎవరు, ఎక్కడ నిర్ణయిస్తారు?

2002లో అమలులోకి వచ్చిన వలస, శరణార్థి రక్షణ చట్టం ప్రకారం వలసల మంత్రి ఏటా నవంబర్ 1 లోపు పార్లమెంటుకు నివేదిక ఇవ్వాలి. పార్లమెంటు సమావేశాలు జరగని సమయమైతే, తిరిగి మొదలైన తర్వాత నిర్ణీత గడువులో సమర్పించాలి. రాబోయే సంవత్సరాల్లో శాశ్వత నివాసులుగా చేర్చుకోదలచిన వారి సంఖ్యలు అందులో వర్గాలవారీగా ఉంటాయి. 2024 అక్టోబర్‌లో విడుదలైన ప్రణాళికనే చూస్తే, 2025కు మొత్తం శాశ్వత నివాసుల లక్ష్యం 3,95,000. అందులో విదేశాల నుంచి ప్రభుత్వ సహాయంతో రావలసిన శరణార్థులు 15,250, పౌరుల పూచీతో రావలసినవారు 23,000, ఉమ్మడి ఖర్చుతో వచ్చేవారు 100 మాత్రమే. ఇప్పటికే కెనడాలో ఉండి ఆశ్రయం పొందినవారికి మరో 20,000 స్థానాలు కేటాయించారు.

ఈ అంకెల్లో కొట్టొచ్చినట్టు కనిపించే సంగతి ఒకటుంది. ప్రభుత్వం తన ఖర్చుతో తెస్తానన్న వారి కంటే పౌరులు తమ ఖర్చుతో తెస్తామన్న వారి సంఖ్యే ఎక్కువ. ఇది ఎలా మొదలైందో కింద చూద్దాం.

ఈ మూడు దారుల మధ్య తేడా ఏమిటి?

ప్రభుత్వ సహాయ మార్గంలో శరణార్థిని సాధారణంగా ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ సిఫారసు చేస్తుంది. వచ్చినవారికి ఏడాదిపాటు, లేదా సొంత సంపాదన మొదలయ్యేవరకు, కేంద్ర ప్రభుత్వం జీవన భృతి ఇస్తుంది. ఆ భృతిని ఆయా రాష్ట్రాల్లో పేదలకు ఇచ్చే సాంఘిక సహాయం స్థాయిలోనే నిర్ణయిస్తారు కాబట్టి అది ఏమాత్రం విలాసం కాదు. టొరంటో, వాంకూవర్ వంటి నగరాల్లో ఇంటి అద్దెకే చాలా వరకు పోతుంది.

పౌరుల పూచీ మార్గం కెనడాకు ప్రత్యేకమైనది. చర్చి, మసీదు, గురుద్వారా వంటి సంస్థలో, అయిదుగురు మిత్రులో, ఒక ఊరి సంఘమో ఒక శరణార్థి కుటుంబానికి ఏడాదిపాటు అద్దె, తిండి, బట్టలు, పిల్లల బడి, ఆసుపత్రికి తోడు వెళ్లడం వరకు అన్నింటికీ చట్టబద్ధంగా బాధ్యత తీసుకుంటుంది. ఎవరిని తీసుకురావాలో పేరు చెప్పి ఎంచుకునే హక్కు కూడా ఆ బృందానికే ఉంటుంది. అందువల్ల ఇప్పటికే వచ్చి స్థిరపడినవారి బంధువులే ఈ దారిలో ఎక్కువగా వస్తుంటారు.

మూడోది 2013లో వచ్చింది. శరణార్థుల సంస్థ సిఫారసు చేసిన వ్యక్తిని ఒక పౌర బృందం ఎంచుకుంటుంది. ఆరు నెలల భృతి ప్రభుత్వానిది, మిగతా ఆరు నెలలూ, ఇల్లు సమకూర్చే తొలి ఖర్చూ బృందానివి. 2015-16లో సిరియా వార్తలు గుండెలు కదిలించిన రోజుల్లో ఇది బాగా సాగింది. తర్వాత ఏటికేడు చిక్కిపోయింది.

క్యుబెక్ రాష్ట్రానికి 1991 ఒప్పందం ప్రకారం ఎంపికలో ప్రత్యేక అధికారం ఉంది. అక్కడికి వెళ్లేవారికి నియమాలు వేరు.

పౌరులు పూచీపడే పద్ధతి ఎప్పుడు మొదలైంది?

చట్టంలో ఇది చేరింది 1976 వలసల చట్టంతో. అది అమలులోకి వచ్చిన 1978లోనే దానికి మొదటి పెద్ద పరీక్ష ఎదురైంది. వియత్నాం నుంచి లక్షలాది మంది చిన్న పడవల్లో సముద్రంలోకి దిగారు, కంబోడియా, లావోస్‌ల నుంచి ఎంతోమంది సరిహద్దు దాటి పారిపోయారు. మలేషియా, థాయ్‌లాండ్ తీరాల్లో వారిని రానివ్వని పరిస్థితి వచ్చింది. 1979 జులైలో ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం 1980 చివరికల్లా 50 వేల మందిని తీసుకొస్తామని ప్రకటించింది. అప్పటి విదేశాంగ మంత్రి ఫ్లోరా మెక్‌డొనాల్డ్, వలసల మంత్రి రాన్ ఆట్కీ దీని వెనక నిలబడ్డారు. పౌరులు ఒకరికి పూచీపడితే ప్రభుత్వం మరొకరిని తన ఖర్చుతో తెస్తుందన్నది ఒప్పందం. ఒట్టావా మేయర్ మారియన్ డ్యూవార్ తన నగరానికే 4 వేల మందిని తెస్తామని పిలుపునిచ్చారు. దేశమంతటా వేలాది బృందాలు పుట్టుకొచ్చాయి. 1980 ఏప్రిల్‌లో, ప్రభుత్వం మారిన తర్వాత కూడా, పియర్ ట్రూడో ప్రభుత్వం ఆ సంఖ్యకు మరో 10 వేలు చేర్చింది. మొత్తం 60 వేల మంది వచ్చారు. వారిలో సగానికి పైగా పౌరుల పూచీతో వచ్చినవారే.

1986లో శరణార్థుల సంస్థ ఇచ్చే నాన్సెన్ పతకం కెనడా ప్రజలందరికీ కలిపి దక్కింది. ఒక దేశ ప్రజలందరికీ ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

అంతకు ముందు కెనడా తలుపులు తెరిచే ఉన్నాయా?

ఎప్పుడూ తెరిచి లేవు. 1914లో 376 మంది ప్రయాణికులతో, అత్యధికులు పంజాబీలు, వాంకూవర్ చేరిన కోమగాట మారు ఓడను రెండు నెలలు రేవులో నిలబెట్టి, కొద్దిమందిని మినహా దిగనివ్వకుండా వెనక్కి పంపారు. వారు శరణార్థులు కాకపోయినా, ఎవరిని రానివ్వాలన్న విషయంలో ఆనాటి ప్రభుత్వ మనసు ఏమిటో ఆ ఘటన చూపిస్తుంది. 1939లో నాజీ జర్మనీ నుంచి 900 మందికి పైగా యూదులతో బయలుదేరిన సెయింట్ లూయీ ఓడకు క్యూబా, అమెరికాలతో పాటు కెనడా కూడా తావివ్వలేదు. యూరప్‌కు తిరిగి వెళ్లిన వారిలో 254 మంది మారణహోమంలో ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు ఘటనలకూ అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, మొదటిదానికి 2016లో, రెండోదానికి 2018లో.

యుద్ధం తర్వాత వైఖరి మెల్లగా మారింది. 1956-57లో హంగరీ నుంచి 37 వేల మంది వచ్చారు. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టిన ఉగాండా ఆసియన్లలో 6 వేల మందికి పైగా కెనడాలో స్థిరపడ్డారు. ఆ ఆసియన్లలో ఎక్కువమంది గుజరాతీ మూలాలున్నవారే.

సిరియా శరణార్థుల విషయంలో 25 వేల హామీ నెరవేరినట్టేనా?

నెరవేరిందనీ చెప్పవచ్చు, ఆలస్యంగా నెరవేరిందనీ చెప్పవచ్చు. అసలు మాట ఏమిటో చూస్తేనే రెండూ ఎలా నిజమో అర్థమవుతుంది.

2015 సెప్టెంబర్ 2న టర్కీ తీరానికి కొట్టుకొచ్చిన పసివాడు అలన్ కుర్దీ మృతదేహం ఫొటో ప్రపంచాన్ని కలచివేసినప్పుడు కెనడాలో ఎన్నికల ప్రచారం నడుస్తోంది. ఆ బాలుడి మేనత్త బ్రిటిష్ కొలంబియాలోనే ఉంటున్నారని తెలియడంతో శరణార్థుల విషయం ఎన్నికల అంశంగా మారింది. ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు 25 వేల మంది సిరియన్లను ప్రభుత్వ ఖర్చుతో తీసుకొస్తామని లిబరల్ పార్టీ హామీ ఇచ్చింది. అక్టోబర్ 19న గెలిచి, నవంబర్ 4న అధికారం చేపట్టింది. రెండు నెలల కంటే తక్కువ వ్యవధిలో 25 వేల మందిని ఇంటర్వ్యూ చేసి, వైద్య, భద్రత పరీక్షలు పూర్తిచేసి, విమానాలెక్కించి, గడ్డకట్టే చలిలో ఇళ్లు చూపించడం సాధ్యం కాదని కొద్ది రోజుల్లోనే తేలిపోయింది. నవంబర్ 24న ప్రభుత్వం గడువు మార్చింది. డిసెంబర్ 31 నాటికి 10 వేల మంది, 2016 ఫిబ్రవరి చివరికి 25 వేల మంది అని చెప్పింది. అంతకంటే ముఖ్యమైన మార్పు ఏమిటంటే, ఈ 25 వేలలో పౌరుల పూచీతో వచ్చేవారిని కూడా కలిపింది.

డిసెంబర్ 10 రాత్రి 163 మందితో మొదటి ప్రభుత్వ విమానం టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో దిగింది. ప్రధాని స్వయంగా వచ్చి వారికి చలి కోట్లు అందించారు. 10 వేల మార్కు డిసెంబర్‌లో కాక జనవరిలో దాటింది. 2016 ఫిబ్రవరి 29 నాటికి 26 వేల మందికి పైగా వచ్చారు. అమ్మాన్, బీరూట్‌లలో అధికారులూ సైనికులూ కలిసి రాత్రింబవళ్లు పనిచేస్తే తప్ప ఇంత వేగం సాధ్యమయ్యేది కాదు. ఆ శ్రమను తక్కువ చేసి చూడటం న్యాయం కాదు.

అయితే ఆ 26 వేలలో పూర్తిగా ప్రభుత్వ సహాయంతో వచ్చినవారు సుమారు 15 వేలు. విమర్శ రావడంతో, ప్రభుత్వ సహాయంతోనే 25 వేల మందిని 2016 చివరికి తెస్తామని మరోసారి మాట ఇచ్చారు. 2017 జనవరి 29 నాటికి లెక్క ఇదీ: మొత్తం 40,081 మంది. అందులో ప్రభుత్వ సహాయంతో 21,876, ఉమ్మడి ఖర్చుతో 3,931, పౌరుల పూచీతో 14,274. మొదటి రెండింటినీ కలిపితేనే 25 వేలు దాటుతుంది. సగం ఖర్చు పౌరులు భరించినవారిని ప్రభుత్వ ఖాతాలో వేసుకోవడం సరైనదేనా అన్నది అప్పట్లో బలంగా వినిపించిన ప్రశ్న. మా అభిప్రాయంలో అది సరైనది కాదు. ఎన్నికల హామీలో ప్రభుత్వ ఖర్చుతో అన్న మాట స్పష్టంగా ఉంది.

ఎవరి ఖర్చుతో వచ్చినా వచ్చిన మనిషి ఒక్కరే కదా, ఈ తేడా ఎందుకు?

విమానం దిగిన కుటుంబానికి ఆ క్షణంలో తేడా తెలియకపోవచ్చు. శిబిరంలో ఇంకా మిగిలిపోయిన కుటుంబానికి మాత్రం తెలుస్తుంది. పూచీపడే బృందాలు మొదటి నుంచీ పట్టుబట్టే సూత్రం ఒకటే. పౌరులు తెచ్చినవారు ప్రభుత్వం తెచ్చినవారికి అదనం కావాలి, బదులు కాకూడదు. ఒక ఊరి ప్రజలు చందాలు పోగుచేసి ఒక కుటుంబాన్ని తెచ్చుకుంటే, ఆ మేరకు ప్రభుత్వం తన సంఖ్యను తగ్గించుకుంటే, ఆ ఊరి శ్రమ వల్ల ప్రపంచంలో ఒక్క మనిషికీ కొత్తగా మేలు జరగనట్టే. వారు చెల్లించింది ప్రభుత్వ ఖజానాకు అవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. పౌరులు పేరు చెప్పి ఎంచుకుంటారు కాబట్టి, కెనడాలో బంధువులో పరిచయస్తులో ఉన్నవారికే ఆ దారి దొరుకుతుంది. ఒంటరి తల్లులు, హింసకు గురై బయటపడ్డవారు, దీర్ఘకాలిక జబ్బులున్నవారు, ఎవరూ తెలియనివారు ప్రభుత్వ మార్గం మీదే ఆధారపడతారు. ప్రమాదంలో ఉన్న మహిళల కోసం 1988లోనే ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టినది ఈ అవసరాన్ని గుర్తించే. ప్రభుత్వ మార్గం కుంచించుకుపోతే ముందుగా నష్టపోయేది వారే.

అఫ్గానిస్తాన్ విషయంలో 40 వేల హామీ సంగతేమిటి?

కెనడా సైన్యం 2001 నుంచి 2014 వరకు అఫ్గానిస్తాన్‌లో ఉంది. 158 మంది సైనికులు చనిపోయారు. దుబాసీలుగా, డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, రాయబార కార్యాలయ సిబ్బందిగా వారితో పనిచేసిన అఫ్గాన్లు చాలామంది. కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లడానికి రెండు రోజుల ముందు, 2021 ఆగస్టు 13న, 20 వేల మందిని తీసుకొస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత దాన్ని 40 వేలకు పెంచింది. గడువు 2023 చివరి వరకు. 2023 అక్టోబర్‌లో ఆ సంఖ్య చేరుకుంది.

అంకె చేరింది. అయినా ఈ హామీలో ఒక నొప్పి మిగిలింది. కెనడా కోసం పనిచేసినవారికీ వారి కుటుంబాలకూ ఉద్దేశించిన ప్రత్యేక కార్యక్రమంలో 18 వేల స్థానాలు మాత్రమే పెట్టి, అవి నిండుతున్నాయంటూ 2022లో కొత్తవారిని తీసుకోవడం ఆపేశారు. తాలిబన్ల పాలనలో ఉన్న అఫ్గానిస్తాన్‌లో దాక్కుని ఉన్నవారు పాకిస్తాన్‌కో ఇరాన్‌కో దాటితే తప్ప ముందుకు కదలని పరిస్థితి. సరిహద్దు దాటడానికి పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టు కోసం తాలిబన్ల కార్యాలయానికే వెళ్లాలి. కెనడా సొంత ఉగ్రవాద నిరోధక చట్టం కూడా అడ్డుపడింది. తాలిబన్లకు పన్ను రూపంలో ఒక్క పైసా వెళ్లినా నేరమే కాబట్టి సహాయ సంస్థలు అక్కడ పనిచేయడానికి జంకాయి. ఆ చట్టాన్ని సవరించడానికి 2023 జూన్ వరకు పట్టింది.

తన సైనికుల పక్కన నిలబడిన మనిషికి ఒక దేశం ఇచ్చే మాటకు స్థానాల పరిమితి పెట్టడం తప్పని మేం భావిస్తున్నాం. సాధారణ మానవతా కార్యక్రమానికి పరిమితి ఉండటం అర్థం చేసుకోదగినదే. ఇది అలాంటిది కాదు, రుణం తీర్చుకోవడం.

యజీదీల గురించి కూడా హామీ ఇచ్చారా?

ఇచ్చారు. ఇరాక్‌లో ఐసిస్ చెర నుంచి బయటపడ్డ, యజీదీ అనే మైనారిటీ మతవర్గానికి చెందిన మహిళలకూ పిల్లలకూ ఆశ్రయమివ్వాలని 2016 అక్టోబర్‌లో పార్లమెంటు దిగువసభ తీర్మానించింది. 2017 చివరికల్లా 1,200 మందిని తెస్తామని ప్రభుత్వం ప్రకటించింది. సంఖ్య చిన్నదే అయినా, వీరికి కావలసిన మానసిక వైద్యం, తమ భాష తెలిసిన దుబాసీలు సరిపడా దొరకలేదు.

ఉక్రెయిన్ నుంచి వచ్చిన లక్షల మంది ఈ లెక్కలో ఉన్నారా?

లేరు. 2022 మార్చి 17న ప్రారంభించిన ప్రత్యేక ప్రయాణ అనుమతి కింద 2024 వసంతం నాటికి దాదాపు 3 లక్షల మంది ఉక్రెయిన్ ప్రజలు కెనడా చేరారు. వారికి దక్కింది తాత్కాలిక నివాసం, పనిచేసే అనుమతి మాత్రమే. శరణార్థి హోదా, వచ్చీరాగానే శాశ్వత నివాసం (పీఆర్) దక్కలేదు. ఇంకోవైపు, వారికి మొదట్లో సంఖ్యా పరిమితి లేదు, ఏళ్ల తరబడి నిరీక్షణ లేదు. గాజా నుంచి కెనడా పౌరుల బంధువులను తెచ్చే కార్యక్రమం 2024 జనవరిలో 1,000 దరఖాస్తుల పరిమితితో మొదలై, తర్వాత 5,000కు పెరిగింది. సుడాన్‌కు 2024 ఫిబ్రవరిలో పెట్టిన పరిమితి 3,250 దరఖాస్తులు. ఒకరి యుద్ధానికి తలుపు బార్లా తెరిచి, మరొకరి యుద్ధానికి ఓరగా తెరవడం ఎందుకని అడిగినవారికి ప్రభుత్వం నుంచి తృప్తికరమైన జవాబు రాలేదు.

భద్రత పరీక్షలు లేకుండానే తీసుకొస్తారా?

తీసుకురారు. సాధారణంగా ప్రతి వయోజనుడినీ కెనడా అధికారి ముఖాముఖి ప్రశ్నిస్తారు. వేలిముద్రలు, ఫొటోలు తీసుకుంటారు. నేర చరిత్ర, భద్రత సంస్థల రికార్డులు పరిశీలిస్తారు. వైద్య పరీక్ష చేస్తారు. అవన్నీ ముగిశాక ఆశ్రయమిచ్చిన దేశం నుంచి నిష్క్రమణ అనుమతి రావాలి. ప్రయాణ ఏర్పాట్లు అంతర్జాతీయ వలసల సంస్థ చూస్తుంది. 2015లో సిరియన్ల ఎంపికలో పూర్తి కుటుంబాలకు, ప్రమాదంలో ఉన్న మహిళలకు, లైంగిక అల్పసంఖ్యాకులకు ముందు చోటిచ్చి, ఒంటరి యువకులను పక్కన పెట్టారు. భయపడే ఓటర్లకు ధైర్యం చెప్పడానికి చేసిన ఆ ఏర్పాటు వల్ల, తాము చేయని తప్పుకు ఎంతోమంది కుర్రాళ్లు శిబిరాల్లోనే ఉండిపోయారు.

వచ్చిన తర్వాత వారికి ఏమేమి అందుతాయి?

పునరావాసం మీద వచ్చినవారు విమానాశ్రయంలో అడుగుపెట్టిన రోజే శాశ్వత నివాసులవుతారు. అయిదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. తొలి వారాల్లో తాత్కాలిక బస, బ్యాంకు ఖాతా, సామాజిక బీమా సంఖ్య, ఆరోగ్య కార్డు, పిల్లల బడి, పెద్దలకు ఉచిత ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ తరగతులు ఉంటాయి. తాత్కాలిక బస అంటే చాలాసార్లు హోటల్ గది. 2016 శీతాకాలంలో ఆరేడుగురు పిల్లలున్న కుటుంబాలు సరిపడే ఇల్లు దొరక్క వారాల తరబడి హోటళ్లలోనే ఉన్నాయి.

విమాన ఛార్జీ, వైద్య పరీక్షల ఖర్చు చాలామందికి అప్పుగా ఇస్తారు. 2015 నవంబర్ 4 నుంచి 2016 ఫిబ్రవరి చివరి వరకు వచ్చిన సిరియన్లకు దాన్ని మాఫీ చేశారు, ఇతర దేశాలవారికి చేయలేదు. ఆ అప్పుపై వడ్డీని 2018లో ఎత్తివేశారు. అసలు అలాగే ఉంది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం కొత్త జీవితాన్ని అప్పుతో మొదలుపెట్టడం సబబు కాదని శరణార్థుల తరఫున పనిచేసే సంఘాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. వారి మాటలో న్యాయం ఉంది.

ఏడాది భృతి ఆగిపోయే సమయాన్ని అక్కడ 13వ నెల అంటారు. అప్పటికి ఉద్యోగం దొరకనివారు రాష్ట్ర సాంఘిక సహాయానికి మారతారు. భాష రాక, చదువుకు గుర్తింపు దొరకక తొలి ఏళ్లలో ఇబ్బంది పడటం సహజమే.

వెనక మిగిలిపోయిన భార్యాబిడ్డలను పిలిపించుకోవచ్చా?

పిలిపించుకోవచ్చు. దరఖాస్తులో వారి పేర్లు ముందే నమోదు చేసి ఉండాలి, వచ్చిన ఏడాది లోపు కోరాలి. ఆ గడువు దాటితే వేరే షరతులున్న సాధారణ కుటుంబ మార్గంలో వెళ్లాలి. పేరు రాయడం మరచిపోవడమో, భయపడి దాచడమో చేసినవారు తర్వాత చాలా కష్టపడ్డారు. భార్యాభర్తలు, ఆధారపడిన పిల్లలకే ఈ వెసులుబాటు. ముసలి తల్లిదండ్రులకూ అన్నదమ్ములకూ ఇది వర్తించదు.

ఇతర దేశాల హామీలతో పోలిస్తే కెనడా ఎక్కడుంది?

2018లో 28 వేల మందికి పునరావాసం కల్పించి, దశాబ్దాల తర్వాత మొదటిసారి అమెరికాను దాటి కెనడా ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలో పరిమితిని ఏటా అధ్యక్షుడు నిర్ణయిస్తారు. 2024 ఆర్థిక సంవత్సరంలో పరిమితి 1,25,000 కాగా లక్ష మందికి పైగా వచ్చారు. 2025 జనవరిలో కొత్త అధ్యక్షుడు బాధ్యత తీసుకున్న రోజే కార్యక్రమాన్ని నిలిపివేశారు. బ్రిటన్ 2015లో అయిదేళ్లలో 20 వేల మంది సిరియన్లను తెస్తామని చెప్పి 2021 ఆరంభానికి పూర్తి చేసింది. ఆస్ట్రేలియా 12 వేల మంది సిరియా, ఇరాక్ శరణార్థులకు అదనపు స్థానాలు ప్రకటించింది.

హామీ తప్పితే ప్రభుత్వం మీద కోర్టుకు వెళ్లవచ్చా?

సంఖ్య చేరలేదని కోర్టుకు వెళ్లే హక్కు ఎవరికీ లేదు. వార్షిక లక్ష్యం ఒక ప్రణాళిక మాత్రమే. పార్లమెంటు ప్రశ్నలు, ఆడిటర్ జనరల్ తనిఖీలు, వలసల శాఖ నెలనెలా విడుదల చేసే గణాంకాలే దానికి కాపలా. వచ్చినవారికి ఇస్తున్న సదుపాయాన్ని తీసేస్తే మాత్రం కోర్టు జోక్యం చేసుకున్న సందర్భం ఉంది. 2012లో శరణార్థుల ఆరోగ్య పథకంలో పెట్టిన కోతలు క్రూరమైనవని 2014లో ఫెడరల్ కోర్టు తేల్చింది. 2016 ఏప్రిల్ 1 నుంచి ఆ పథకాన్ని పూర్తిగా పునరుద్ధరించారు.

కెనడాలో ఉంటున్న తెలుగువారు ఒక శరణార్థి కుటుంబానికి పూచీపడవచ్చా?

పడవచ్చు. 18 ఏళ్లు నిండిన, పౌరులు లేదా పీఆర్ ఉన్న అయిదుగురు, కుటుంబం స్థిరపడబోయే ప్రాంతంలో ఉంటున్నవారు బృందంగా ఏర్పడవచ్చు. చదువు కోసమో పని అనుమతి మీదో వెళ్లినవారు ఇందులో చేరలేరు. బృందం తన దగ్గర తగినంత డబ్బు ఉందని చూపించాలి, ఏడాదికి ఏం చేస్తారో ప్రణాళిక రాసివ్వాలి. శరణార్థికి శరణార్థుల సంస్థో, ఆశ్రయమిచ్చిన దేశమో ఇచ్చిన గుర్తింపు పత్రం ఉండాలి. కొండలా పేరుకుపోయిన పాత దరఖాస్తులను తగ్గించడానికంటూ 2024 నవంబర్ 29 నుంచి ఇలాంటి అయిదుగురి బృందాలు, ఊరి సంఘాల నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడాన్ని ప్రభుత్వం నిలిపివేసింది. అందుకని ఏ పనైనా మొదలుపెట్టే ముందు వలసల శాఖ వెబ్‌సైట్‌లో తాజా పరిస్థితి చూసుకోవాలి. ప్రభుత్వంతో శాశ్వత ఒప్పందం ఉన్న సంస్థలు వందకు పైగా ఉన్నాయి. వాటికి ఏటా పరిమితి ఉంటుంది. వాటిలో ఒకదానితో కలిసి పనిచేయడం మరో దారి. చందా ఇవ్వలేనివారు కూడా కుటుంబాన్ని మార్కెట్‌కు తీసుకెళ్లడం, పిల్లలకు పాఠాలు చెప్పడం, మొదటి మంచు కురిసిన రోజు బూట్లు ఎలా ఎంచుకోవాలో చూపడం వంటివి చేయవచ్చు.

ఏజెంటుకు డబ్బు కడితే శరణార్థి కోటాలో కెనడా పంపిస్తానంటున్నాడు, నమ్మవచ్చా?

నమ్మకండి. భారత పౌరుడు భారతదేశంలో ఉండగా పునరావాసానికి అర్హుడు కాడు. శరణార్థుల సంస్థ నమోదుకూ సిఫారసుకూ ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోదు. అలాంటి స్థానం డబ్బుకు దొరుకుతుందని చెప్పేవాడు మోసగాడు. తప్పుడు కథతో వేసిన దరఖాస్తు బయటపడితే కెనడాలోకి కొన్నేళ్లు ప్రవేశం ఉండదు.

హైదరాబాద్‌లో ఉంటున్న శరణార్థులకు ఈ దారి ఉందా?

భారతదేశం 1951 ఒప్పందంలో చేరలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టం కూడా లేదు. బాలాపూర్ ప్రాంతంలోని బస్తీల్లో ఉంటున్న రోహింగ్యాలలో చాలామందికి ఢిల్లీలోని శరణార్థుల సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డులు ఉన్నాయి. ఆ కార్డు ఉన్నంత మాత్రాన పునరావాసం వస్తుందని కాదు. ఎవరికి అత్యవసరమో శరణార్థుల సంస్థ నిర్ణయిస్తుంది, ఎవరిని తీసుకోవాలో తీసుకునే దేశం నిర్ణయిస్తుంది. శరణార్థి తనంతట తాను దేశాన్ని ఎంచుకోలేడు. ఢిల్లీలోని అఫ్గాన్ సిక్కు, హిందూ కుటుంబాలు కొన్ని పౌరుల పూచీతో కెనడా చేరాయి. ఎంపికైన తర్వాత కూడా విదేశీయుల నమోదు కార్యాలయం నుంచి నిష్క్రమణ అనుమతి రావాలి. కార్డు గడువు ముగియకుండా చూసుకోవడం, పిల్లల పుట్టుకలను నమోదు చేయించడం, చిరునామా మారితే తెలియజేయడం వారు చేయగలిగిన పనులు. పిలుపు వచ్చిన రోజు ఫైలులో ఒక బిడ్డ పేరు లేకపోతే కుటుంబమంతా ఆగిపోవలసి వస్తుంది.